శ్రీ మాడపాటి హనుమంతరావుగారి ప్రజాజీవితము

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన ఉపన్యాసము)



గ్రంథాలయము స్థాపితమై ఇరువదియైదేండ్లు నిండిన ఈ శుభవేళ ఒక ప్రజాసేవకుని చరిత్రమును స్మరించుట సముచితము. అట్టి స్మరణమునకు శ్రీ మాడపాటి హనుమంతరావుగారికంటె తగినవారు అరుదు. ఏలయన, వారు శాసనమండలి అధ్యక్షపీఠమును చేరినది గ్రంథాలయపు గడప మీదుగా. ఆంధ్రప్రదేశ శాసనమండలికి తొలి అధ్యక్షులు, హైదరాబాదు నగరమునకు తొలి మేయరు, ఆంధ్ర పితామహులని జనులచే పిలువబడినవారు, తమ ప్రజాజీవితమును చిన్న చిన్న పుస్తక భాండాగారముల నడుమ ఆరంభించిరి.

శాసనసభ్యుని చరిత్రమనగానే లోకము మూడు ప్రశ్నలు వేయును. ఎన్ని ఎన్నికలు గెలిచెను? ఏ పదవి పొందెను? ఏమి కట్టించెను? ఇవి తగని ప్రశ్నలు గావు గాని చాలిన ప్రశ్నలు గావు. పల్లెటూరి లెక్కలు ఎరిగినవారికి తెలిసిన ధర్మమొకటి కలదు. జమ ఒక ప్రక్క, ఖర్చు ఒక ప్రక్క వ్రాయవలెను. రెండును కూడి చూచినగాని నిలువ తేలదు. మహనీయుల చరిత్రమునకును ఇదియే న్యాయము. జమను మాత్రము చదువుట భట్రాజు పని. ఖర్చును మాత్రము చదువుట గిట్టనివాని పని.

హనుమంతరావుగారు 1885 జనవరి 22 వ తేదీన కృష్ణాజిల్లా నందిగామ తాలూకాలోని ఎఱ్ఱుపాలెమున జన్మించిరి. పసితనముననే తండ్రిని కోల్పోయి, నిజాము రాజ్యములోని సూర్యాపేటలో బంధువుల ప్రాపున పెరిగిరి. సూర్యాపేటలోను, హనుమకొండలోను చదివిరి. నాటి రాజభాష ఉర్దూ. ఉర్దూను పారసీకమును వారు కొలువుకై నేర్చుకొనిన యక్కరకు విద్యవలె గాక, సాహిత్యమును రుచి చూచు రసికునివలె నేర్చిరి. కొంతకాలము సర్కారు కొలువు చేసి, పిమ్మట వకీలు పరీక్ష నిచ్చి హైదరాబాదున వృత్తిలో ప్రవేశించిరి. ప్రేంచందు కథలను తెలుగువారికి తొలుదొలుత అందించినవారిలో వారొకరు. వారి కథల సంపుటికి మల్లికాగుచ్ఛమని పేరు. ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. తరువాత తెలుగునకై వారు సలిపిన పోరాటము ఉర్దూపై ద్వేషమున పుట్టినది కాదు. పరభాషలోని సొగసు నెరిగినవాడే తన భాషకు జరిగిన లోటును సరిగా గుర్తింపగలడు.

ఆ లోటు ఎట్టిది? నిజాము రాజ్యమున తెలుగు మాటలాడువారు దాదాపు సగము మంది. అయినను కచేరీలో తెలుగు లేదు, పైచదువులో తెలుగు లేదు, జరీదాలో అచ్చుపడు రాజాజ్ఞలలో తెలుగు లేదు. తన పొలమునకు ఎంత శిస్తు పడెనో చెప్పు కాగితమును రైతు తాను చదువలేడు. చదివించుకొనుటకు ఒకని యింటికి పోవలెను. వాడు చెప్పినదే వేదము. ఇట్టి చోట గ్రంథాలయమనగా పొద్దుపోవుటకు చేరు తావు కాదు. 1901 సెప్టెంబరు 1 వ తేదీన హైదరాబాదు నగరమున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వెలసినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు, మునగాల రాజా నాయని వేంకట రంగారావుగారు, రావిచెట్టు రంగారావుగారు దానికి మూలపురుషులు. 1904 లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయము వెలసినది. హనుమకొండలో నున్నపుడు అచటి నిలయమునకును, నగరమునకు వచ్చిన పిమ్మట ఇచటి నిలయమునకును హనుమంతరావుగారు సేవ చేసిరి. సభ పెట్టిన సర్కారు అనుమానించెడి దినములవి. పుస్తకము చేతనున్న నలుగురు ఒకచోట కూర్చుండుటకు మాత్రము అంతగా అడ్డులేదు. ఆ నలుగురి కూటమినుండియే తరువాతి చరిత్రయంతయు మొలకెత్తెను.

మొలక వెలికి వచ్చుటకు ఒక అవమానము కారణమయ్యెను. 1921 నవంబరు మాసమున హైదరాబాదులోని వివేకవర్ధనీ మందిరమున నిజాము రాష్ట్ర సంఘ సంస్కరణ సభ జరిగెను. స్త్రీవిద్యకు జీవితమును ధారవోసిన మహర్షి ధోండో కేశవ కార్వేగారు అధ్యక్షులు. ఇంగ్లీషున మాటలాడిరి, ఉర్దూలో మాటలాడిరి, మరాఠీలో మాటలాడిరి; సభ విన్నది. హైకోర్టు వకీలు ఆలంపల్లి వేంకటరామారావుగారు లేచి తెలుగున మాటలాడ మొదలిడగానే సభ్యులు గేలిచేసి, చప్పట్లు చరచి, వారిని సాగనీయరైరి.

భారతమున ద్రౌపది నిండుసభలో ఒక ప్రశ్న వేసినది. భీష్మాదులు బదులు చెప్పలేకపోయిరి. వికర్ణుడొక్కడు నోరు విప్పెను గాని అతనిని కూర్చుండబెట్టిరి. సభకు గొప్పతనము వచ్చునది అందు కూర్చున్నవారి సంఖ్యవలన గాదు, దుర్బలుని మాట అందు వినబడుటవలన. నాటి వివేకవర్ధనీ సభలో పెద్దలు లేకపోలేదు. ఒక భాషకు జరిగిన అవమానమును వారించినవారు మాత్రము లేరైరి. ఆ రాత్రియే పదిమందికి పైగా తెలుగువారు ఒక యింట చేరి ఆంధ్ర జనసంఘమును స్థాపించిరి. తిట్టుకు తిట్టు బదులిచ్చుట వారి మతము కాదు. గేలికి బదులుగా ఒక సంఘము పుట్టినది, దానికి నియమావళి పుట్టినది, లెక్కల పుస్తకము పుట్టినది. ఆ సంఘమునకు కార్యదర్శిత్వపు బరువును మోసినవారు హనుమంతరావుగారు. అధ్యక్షులు మారవచ్చును, ఉత్తరములు వ్రాయుట, చందాలు వసూలుచేయుట, ఊరూర శాఖలు పెట్టించుట, మినుటు పుస్తకము దాచుట కార్యదర్శి పాలబడిన పనులు. ఆ పని చేసినవాని పేరు శిలాఫలకమున కానరాదు. ఆ పని జరుగని సంస్థ పేరు ఎచటను కానరాదు.

ఆ సంఘము 1923 లో హనుమకొండ సభతో నిజాము రాష్ట్రాంధ్ర జన కేంద్రసంఘముగా పెరిగినది. అది చేసిన పనులలో రెండు పల్లెవారు ప్రత్యేకముగా తెలిసికొనవలసినవి. మొదటిది గ్రంథాలయములను, పఠనమందిరములను పెట్టించుట. రెండవది చిన్న చిన్న తెలుగు పుస్తకములను అచ్చువేయించుట. ఆ చిరుపుస్తకములలో వెట్టిచాకిరిని గూర్చినది కలదు, వర్తకుల స్వాతంత్ర్యమును గూర్చినది కలదు. అధికారి ఊరికి వచ్చిన కుమ్మరి కుండలీయవలెను, చాకలి సేవ చేయవలెను, మాదిగ చెప్పులీయవలెను, కోమటి సరకులు పోయవలెను. ఒక్క కాసు రాదు. వెట్టిని నిషేధించు సర్కారు ఆజ్ఞలు లేకపోలేదు. అవి ఉర్దూలో అచ్చుపడి కచేరీ బీరువాలో నిదురించుచుండెను. ఆజ్ఞ ఎవని మేలునకై పుట్టినదో వానికి ఆజ్ఞ పుట్టినట్లే తెలియదు. తెలిసినవారు పటేలులు, పట్వారీలు, దేశముఖులు. వెట్టివలన లాభపడువారును వారే. లెక్క వ్రాయు చేతులే ఆ లెక్కను దాచెనని చెప్పుకొనుటకు వెనుదీయరాదు. సంఘము ఆ ఆజ్ఞలను తెలుగు చేసి పంచినది. చట్టమును చేయుట శాసనసభ్యుని పని యందురు. చేసిన చట్టమును జనులకు అర్థమగు మాటలలో చెప్పుటయు అంతటి పనియే. ఆ రెండవ పనిని హనుమంతరావుగారు శాసనసభ్యత్వమునకు ముప్పది యేండ్లకు ముందే చేసియుండిరి.

ఇక నారాయణగూడ సంగతి. 1928 లో నారాయణగూడలో బాలికలకు తెలుగున బోధించు పాఠశాలను వారు స్థాపించిరి. ఆ కాలమున బాలికను బడికి పంపుటయే వింత. పంపినను, ఉస్మానియా విశ్వవిద్యాలయములో బోధనభాష ఉర్దూ యగుటచే, తెలుగున చదివిన బాలికకు ముందు దారి మూసియుండెను. సర్కారు గుర్తింపు లేని బడికి పిల్లను పంపు తండ్రి ఎవడు? ఈ చిక్కు తెగిన తీరు చిత్రమైనది. పూనాలో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయము మాతృభాషలో బోధనను అంగీకరించెడిది. నారాయణగూడ పాఠశాల దానికి అనుబంధమై తన బాలికలకు పరీక్షల దారి తెరచినది. ఏడేండ్లకు ముందు తెలుగు అవమానింపబడిన సభకు అధ్యక్షులెవరో ఆ కార్వేగారి విద్యాపీఠమే తెలుగు బాలికలకు తలుపు తెరచెను. నాటి అవమానమును మనసున పెట్టుకొని, ఆ తలుపు తట్టుటకు వెనుదీసియుండిన బాలికలే నష్టపడియుందురు. పగను దాచుకొనక పనిని సాధించుకొనుట హనుమంతరావుగారి నైజము.

ఆ బడిలో తెలుగు బోధించినవారిలో ఎల్లాప్రగడ సీతాకుమారిగారొకరు. ఆమె 1957 లో బాన్సువాడ నుండి శాసనసభకు ఎన్నికయ్యెను. బడిగదిలో నల్లబల్ల ముందు నిలిచిన స్త్రీ శాసనసభలో లేచి నిలుచుటకు ముప్పది యేండ్లు పట్టలేదు. నేడు ఆ పాఠశాల హనుమంతరావుగారి పేరనే పిలువబడుచున్నది.

1930 లో ఆంధ్ర మహాసభ తొలి సమావేశము జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన జరిగెను. అప్పటికి సభ జరుపవలెనన్న ముందుగా అనుమతి పొందవలెనను కట్టడి యుండెను. దానిని గస్తీ నిషాన్ 53 అందురు. అనుమతికై తిరుగుట, షరతులకు ఒప్పుకొనుట, రాజకీయమనిపించు మాట తీర్మానములలో చొరకుండ చూచుట, ఇవన్నియు ఓర్పుగల పెద్దల నెత్తిన పడెను. 1935 లో సిరిసిల్లలో జరిగిన నాలుగవ మహాసభకు హనుమంతరావుగారు అధ్యక్షులైరి. అచటనే జరిగిన ఆంధ్ర మహిళాసభకు వారి సతీమణి మాణిక్యమ్మగారు అధ్యక్షత వహించిరి. దంపతులిద్దరు ఒకే ఊర, ఒకే వేళ, రెండు సభలకు పెద్దలగుట ఆ కాలమున సామాన్యము కాదు. స్త్రీవిద్యను వేదికమీద బోధించి ఇంట మరచువారు ఏ కాలమందైనను ఉందురు. ఈ గృహస్థు అట్టివారు కారు.

ఇంతవరకు జమ. ఇక ఖర్చు ప్రక్క చూడవలెను.

హనుమంతరావుగారిపై నాటి యువకులు మోపిన నేరము చిన్నది కాదు. వారు అర్జీలు వ్రాయువారే కాని ఎదిరించువారు కారని, సర్కారు అనుమతించిన గీటు దాటరని యువకుల విమర్శ. 1938 లో హైదరాబాదు స్టేటు కాంగ్రెసు నిషేధింపబడి సత్యాగ్రహము సాగినపుడు ఆంధ్ర మహాసభ ఒక సంస్థగా అందు దిగలేదు. 1941 లో చిలుకూరు సభకు రావి నారాయణరెడ్డిగారు అధ్యక్షులైరి. 1944 లో భువనగిరి సభనాటికి మహాసభ రెండుగా చీలెను. హనుమంతరావుగారు మితవాదుల ప్రక్కన నిలిచిరి. చిరుపుస్తకములవలన వెట్టి పోలేదు. 1946 జూలై 4 వ తేదీన కడవెండిలో దొడ్డి కొమరయ్య ప్రాణము లర్పించెను. ఆ పిమ్మట సాగిన రైతుల పోరాటమున దొరల గడీలు కదలెను. కరపత్రము చేయలేని పని కఱ్ఱ చేసినదని వాదించువారి మాటను కొట్టివేయుట న్యాయము కాదు.

అయినను ఒక ప్రశ్న మిగులును. కడవెండి రైతు, వెట్టి అధర్మమని ఎట్లు తెలిసికొనెను? తాతల నాటినుండి వచ్చిన ఆచారమే ధర్మమని నమ్మిన పల్లెలో, ఇది చట్టవిరుద్ధమన్న మాట ఎవరి నోట పుట్టెను? పోరాడిన యువకులు అక్షరము నేర్చినది, సభలో మాటలాడ నేర్చినది ఆ గ్రంథాలయములలో, ఆ మహాసభలో. విత్తినవాడు కోతకు లేడని విత్తనమును తప్పుపట్టరాదు. కోసినవానిది శ్రమ కాదనియు అనరాదు. హనుమంతరావుగారి లోపము వారి గుణము యొక్క వెనుకప్రక్కయే. ఓర్పు వారి బలము. ఆ ఓర్పు ఆకలిగొన్నవానికి ఆలస్యముగా తోచెను. ఈ రెండు మాటలును సత్యములే. రెండును వ్రాసిన లెక్కయే సరియైన లెక్క.

1948 లో నిజాము పాలన ముగిసినది. 1951 నుండి 1954 వరకు హనుమంతరావుగారు హైదరాబాదు నగరమునకు తొలి మేయరుగా నుండిరి. 1955 లో భారత ప్రభుత్వము వారికి పద్మభూషణ బిరుద మిచ్చెను. 1956 లో ఆంధ్రప్రదేశ మేర్పడెను. 1958 జూలైలో ఆంధ్రప్రదేశ శాసనమండలి ఆరంభము కాగా, డెబ్బది మూడేండ్ల వయసున వారు దానికి తొలి అధ్యక్షులై 1964 వరకు ఆ పీఠమున నుండిరి.

శాసనమండలి యనునది ఏమో పల్లెలో పలువురకు తెలియదు గనుక రెండు మాటలు చెప్పవలెను. శాసనసభ్యులను జనులు నేరుగా ఎన్నుకొందురు. మండలి సభ్యులు వేరు దారిని వత్తురు. మూడవ వంతు మందిని స్థానిక సంస్థల సభ్యులు, మూడవ వంతు మందిని శాసనసభ్యులు, పండ్రెండవ వంతు పట్టభద్రులు, పండ్రెండవ వంతు ఉపాధ్యాయులు ఎన్నుకొందురు. మిగిలినవారిని గవర్నరు నియమించును. వారి పదవీకాలము ఆరేండ్లు. శాసనసభ పంపిన బిల్లును మండలి మొదట మూడు మాసములు, సభ మరల ఆమోదించి పంపినచో ఇంకొక మాసము మాత్రమే ఆపగలదు. ద్రవ్యబిల్లును పదునాలుగు దినములలో తిరిగి పంపవలెను. అనగా మండలికి కాదను అధికారము లేదు. కొంత ఆలోచింపుడను అధికారము మాత్రము కలదు. ఇంటిలో పెద్దవారి మాట వంటిది. అందుచేతనే దానిని పెద్దల సభ యందురు. దాని ప్రయోజనమును శంకించినవారు కలరు. 1985 లో అది రద్దయినది. 2007 లో మరల నెలకొన్నది. 2014 లో రాష్ట్రము రెండైన పిమ్మట రెండు రాష్ట్రములందును కలదు.

అధ్యక్షుని పని మరింత సూక్ష్మమైనది. ఓట్లు సమముగా పడినపుడు తప్ప అతడు ఓటు వేయరాదు. మాటలాడుట అతని పని కాదు. మాటలాడనిచ్చుట అతని పని. 1921 లో ఒక తెలుగువాని మాటను సభ సాగనీయకపోగా పుట్టిన సంఘమునకు కార్యదర్శియైన మనుజుడు, ముప్పదియేడేండ్ల తరువాత, ప్రతి సభ్యుని మాటను సాగనీయవలసిన పీఠముపై కూర్చుండెను. విధి ఇంతకంటె తగిన కొలువును వారికి చూపజాలదు.

వారు అధ్యక్షులుగా నున్న కాలమున పల్లెకు చెందిన రెండు గొప్ప చట్టములు వచ్చినవి. పంచాయతి సమితుల, జిల్లాపరిషత్తుల చట్టము 1959 లో వచ్చినది. ఆ ఏడు అక్టోబరులో షాద్‌నగరున నెహ్రూగారు ఆ వ్యవస్థకు ప్రారంభోత్సవము చేసిరి. ఆ షాద్‌నగరే 1936 లో ఆంధ్ర మహాసభ ఐదవ సమావేశమునకు తావు. రెండవది 1960 నాటి ఆంధ్రప్రదేశ పౌర గ్రంథాలయముల చట్టము. ఇంటిపన్నుతో కూడ గ్రంథాలయపు సెస్సు వసూలుచేసి జిల్లా గ్రంథాలయ సంస్థలను నడుపు పద్ధతిని అది నిలబెట్టినది. చట్టమును చేసినవారు పలువురు. అది ఒక్కరి ఘనత యనుట సత్యము కాదు. కాని గ్రంథాలయమును చందాలతో నడుపుట ఎంత కష్టమో తెలిసినవాడు పీఠముపై నుండగా, ఇక గ్రంథాలయము దయాధర్మమున గాక పన్నుతో నడువవలెనని చట్టము వచ్చుట స్మరణీయము. 1966 లో తెలుగు అధికారభాషయని చట్టము వచ్చునప్పటికి వారు పీఠము దిగియుండిరి; కాని ఎనుబదియొక్క యేండ్ల వయసున ఆ దినమును కన్నులార చూచిరి. తాము నడచిన దారిని తెలంగాణా ఆంధ్రోద్యమమను గ్రంథముగా రెండు భాగములలో వ్రాసి యుంచిరి. 1970 నవంబరు 11 వ తేదీన పరమపదించిరి.

నేడు నగరమునకు పోవువారు నారాయణగూడ చౌరస్తా నుండి చిక్కడపల్లి దారిని నడచి చూడవచ్చును. చిక్కడపల్లిలో త్యాగరాయ గానసభ కలదు, నగర కేంద్ర గ్రంథాలయము కలదు. ఆ ప్రక్కనే అశోక్‌నగర్. పల్లెలనుండి వచ్చిన వేలాది యువతీయువకులు అచట చిన్న గదులలో నుండి, కొలువు పరీక్షలకై చదువుచుందురు. గ్రంథాలయమున చోటు దొరకుటకు తెల్లవారకముందే వచ్చువారు కలరు. పొలము కుదువబెట్టి బిడ్డను అచటికి పంపిన తండ్రులు పల్లెపల్లెనను కలరు. ఒక కాలమున తెలుగున చదువుటకే తావులేని నగరమున నేడు తెలుగు మాధ్యమమున పరీక్ష వ్రాయవచ్చును. అయినను కొలువులు కొన్ని, చదువువారు వేలు. ఆ బిడ్డలకు ఏమి చేయుదుమను ప్రశ్న నేటి శాసనసభ్యుల ముందున్న ప్రశ్న. దానికి బదులు మాడపాటివారి చరిత్రలో లేదు. బదులు వెదకు తీరు మాత్రము కలదు. ఓర్పు, లెక్క, నలుగురిని కూర్చుట, పగ లేకుండుట.

సోదరులారా! శాసనసభ్యుని ఎన్నుకొనుటకు పోవునపుడు అతడు ఎంత గట్టిగా మాటలాడునని చూచుట కలదు. ఇతరుల మాటను ఎంత వినునని కూడ చూడవలెను. పదవికి ముందు అతడు చేసిన పనుల చిట్టాను అడుగవలెను. పదవికి ముందు పుట ఖాళీగా నున్నవాని పుట పదవిలో నిండుట అరుదు.

తుదకు ఈ గ్రంథాలయము మాట. ఇరువదియైదేండ్ల చందాదారుల పుస్తకమును ఎవరైనను తీసి చూడవచ్చును. అందు ఆడపిల్లల పేర్లు ఎన్ని? కూలినాలి చేసికొనువారి పేర్లు ఎన్ని? నారాయణగూడలో 1928 లో జరిగిన పని ఈ ఊర ఎంతవరకు జరిగినదో ఆ పుస్తకమే చెప్పును. సభ ముగిసి పూలదండలు వాడిన మరునాడు ఆ పుస్తకమున ఒక్క క్రొత్త పేరు చేరినను ఈ రజతోత్సవము సార్థకము.

స్వస్తి.